ఓటు కాగితానికి వాలు మడత

పోయిన నెలలో మా ప్రొద్దుటూరులో ఒక కాలేజీవాళ్ళు పిల్లల చేత కాగితపు నిర్మాణాల ప్రదర్శన పెట్టించి, రిటైరైన క్రాఫ్టు టీచరునని నన్ను కూడా పిలిచారు. వెళ్ళకపోయి ఉంటే బాగుండేది. ఒక పిల్లవాడు అరచేతిలో పట్టేంత మడతల కట్ట తెచ్చి, రెండు మూలలు పట్టుకొని లాగితే అది బల్లంత కాగితమై విచ్చుకొంది, మళ్ళీ నెడితే అరచేతిలోకి ముడుచుకొంది. ఆకాశంలోకి పంపే యంత్రాల రెక్కలు కూడా ఇట్లాగే మడిచి పంపుతారని చెప్పాడు. చాలా బాగుంది, కాదనను, నా చేతులు ఊరుకోలేక నేను కూడా నాలుగుసార్లు తెరిచి మూసి చూశాను. అంతటితో పోనిస్తే సరిపోయేది గదా! ఒక అమ్మాయి మైకు పట్టుకొచ్చి, మీ కాగితపు పని చూసి ప్రేరణ పొందినవాళ్ళు ఎవరైనా ఉన్నారా మేడం అని అడిగింది. నోటికొచ్చినదేదో చెప్పి కూర్చున్నాను. ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ నాకు ఒళ్ళు మండుతూనే ఉంది, పాపం ఆ పిల్ల మీద కాదు. ప్రేరణ పొందిన మహానుభావుడు ఒకడున్నాడు, వాడి సంగతి ఇన్నేళ్ళూ ఎక్కడా నోరు విప్పి చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను, ఎవరు ఏమనుకున్నా సరే.

నేను పుట్టి పెరిగింది జమ్మలమడుగు. నాయన నోటుపుస్తకాలు కుట్టి, అట్టలు వేసే పని చేసేవాడు కాబట్టి మా ఇంట్లో తిండికి కరువైన రోజులున్నాయేమో గానీ కాగితం ముక్కలకు ఏనాడూ కరువు లేదు. క్రిస్మసుకు నెల ముందునుంచే అమ్మ గాలిపటాల కాగితంతో నక్షత్రాలు చేసేది. వెదురు పుల్ల ఒక్కటి కూడా లేకుండా ఉత్త మడతల మీదనే అవి పొంగి నిలబడేవి. నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, బడి తెరిచే రోజుల్లో పాత క్యాలెండరు కాగితాలతో పుస్తకాలకు అట్టలు వేసుకోవడం, వాన పడితే మామూలు పడవ, కొంచెం తెలివి వచ్చాక కత్తి పడవ, ఇంకొంచెం ముదిరాక కెమెరా. నాకు మాత్రం ఆ పిచ్చి ముదిరి ఊరుకోలేదు. బొరుగుల అంగడికి పంపిస్తే అంగడాయన పొట్లం కట్టే తీరు చూస్తూ నిలబడిపోయేదాన్ని. జిగురు లేదు, దారం లేదు, చివరి మూలను లోపలికి దోపితే ఇంటికొచ్చేదాకా ఊడదు. పల్చటి కాగితాన్ని విసనకర్రలాగా సన్నసన్నగా మడిచి రెండు పుస్తకాల మధ్య పరిచి, దాని మీద నీళ్ళ గ్లాసు పెట్టి నాయనకు చూపించిన రోజు నాకు తొమ్మిదేళ్ళు. జీవితమంతా కాగితాలతోనే గడిపిన ఆ మనిషి వంగి చూసి, ఇదేందే ఇది అని నవ్విన నవ్వు ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. ఆ నవ్వు కోసమే నేను క్రాఫ్టు ట్రైనింగుకు పోయాను.

ఉద్యోగం మా పెద్దనాయన ఇప్పించాడు. కొండాపురం వైపు ఒక ఊళ్ళో మిషను బడికి ఆయన హెడ్మాస్టరు. ఆయన క్వార్టర్సులో పిల్లాపాపలతో చోటు లేదు, పై వీధిలో మా వాళ్ళకు ఇల్లు అద్దెకిచ్చే మనసు ఎవరికీ లేదు. గొర్రెలోళ్ల వీధిలో ఒక అవ్వ మాత్రం, దొడ్డి పక్కన గది ఉండాది టీచరమ్మా, వాసన ఓర్చుకుంటే ఉండు అంది. ఓర్చుకున్నాను, నెల తిరిగేసరికి వాసన సంగతే మరిచిపోయాను. అవ్వకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు జీవాల వెంట, అంటే గొర్రెల వెంట పోయేవాడు. చిన్నవాడు ప్రొద్దుటూరులో నూనె మిల్లులో పనిచేస్తూ ఆదివారానికి ఆదివారం వచ్చేవాడు, నోరు ఎక్కువ, మనసు మంచిది. వచ్చినప్పుడల్లా మిల్లులో పారేసిన అట్టముక్కలు నా బడి పిల్లల కోసం సంచిలో వేసుకొని తెచ్చేవాడు.

ఆ అట్టముక్కలతోనే గండికోట చేశాను. మామూలు పుస్తకంలాగా మూసి ఉంటుంది, తెరిస్తే కోటగోడ లేచి నిలబడుతుంది, ఇంకా తెరిస్తే నడుమ నుంచి లోయ కిందికి దిగిపోతుంది, అడుగున నీలి కాగితంతో పెన్న. రెండు నెలలు పట్టింది. లోయ దిగాలంటే గోడ మడత ఎంత దూరంలో ఉండాలో తెలియక ఎన్ని చించి పారేశానో లెక్క లేదు. బడి వార్షికోత్సవంలో అది బల్ల మీద పెట్టాము. ముఖ్య అతిథి ఆ ఊరి నాయకుడు. ఊరంతా ఆయన్ని అన్న అనేది, ఆయనకంటే ముప్పై ఏళ్ళు పెద్దవాళ్ళు కూడా అన్న అనే అనాలి, నేను ఇక్కడ ఆ మాట రాయను, నాకు అట్లాంటి అన్న లేడు. వెనక ఇద్దరు, ముందు ఇద్దరు మనుషులు లేనిదే దొడ్డికి కూడా పోని మనిషి, నా గండికోట చేతిలోకి తీసుకొని పిల్లాడిలా పదిసార్లు తెరిచి మూశాడు. నేను పొంగిపోయాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను, పొంగిపోయాను.

అవి సమితులు పోయి మండలాలు వచ్చిన కొత్త. పార్టీ జెండా మారినా చేతులు మారని కాలం. ఓట్ల ముందు వారం పెద్దనాయన నన్ను ఆ నాయకుడి ఇంటికి తీసుకుపోయాడు. ఓట్ల డ్యూటీ మనం ఉండే ఊళ్ళో వేయకూడదు, అయినా ఆడవాళ్ళ వరుసకు మనిషి తక్కువైందనే సాకుతో నా పేరు ఆ ఊరికే పడింది. ఎవరు వేయించారో అరుగు ఎక్కేదాకా నాకు తెలియదు.

“ఆ కోట చేసింది నువ్వే గదమ్మా, శానా బాగుండాది,” అన్నాడు నాయకుడు. “ఓటు కాయితం మడిచి ఇచ్చే పని నీదే. గొర్రెలోళ్ల కాయితాలకు ఒక మడత ఎక్కువ ఎయ్యి. చూసినోనికి కనపడకూడదు, తెలిసినోనికి కనపడాల.”

సంగతి అది. ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి చెప్పాలి. అప్పట్లో ఓటు కాగితాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మడిచి, మళ్ళీ విప్పి మనిషి చేతికి ఇచ్చేవాళ్ళం. ముద్ర వేసినాక అదే మడతల మీద మూసుకుంటే పచ్చి సిరా పక్క గుర్తుకు అంటుకోదు. కాగితం మీద గీత గీసినా పేరు రాసినా చెల్లదు. మడతను ఎవరు గుర్తు అంటారు? గొర్రెలోళ్ల జీవాలను ముందటేడు కొన్నాళ్ళు కాలవ నీళ్ళ దగ్గరకు రానివ్వకుండా ఆయన మనుషులు కట్టడి చేసినప్పటినుంచీ ఆ వీధి ఎదురు పార్టీ వైపు పోతుందని ఆయనకు అనుమానం. ఎంతమంది పోయారో లెక్కింపు బల్ల దగ్గర కళ్ళతో చూడాలని కోరిక. నా కాగితం చూసి ప్రేరణ పొందినవాడు ఇతడే.

ఇక్కడే నా మీద నాకు ఎక్కువ కోపం. ఆయన ఆ మాట అనగానే నాకు మొదట భయం కలగాలి కదా, లేకపోతే ఛీ అనిపించాలి కదా. కలగలేదు. చూసినవాడికి కనపడకూడదు, తెలిసినవాడికి కనపడాలి, అది ఎట్లా సాధ్యమని నా బుర్ర అప్పటికే పరుగు మొదలుపెట్టింది! అరుగు మీద ఉన్న క్యాలెండరు కాగితం ఒకటి చించి, కింది మూలను గోటితో కొంచెం వాలుగా మడిచి విప్పి ఆయన చేతికి ఇచ్చాను. నిలువు మడతా, అడ్డ మడతా పడినాక ఆ చిన్న వాలు మడతను ఎవరూ పట్టించుకోరు. ఎండకు ఎత్తి పట్టుకుంటే మాత్రం తెల్లటి సన్న గీత. ఆయన ఎత్తి చూసి తల ఊపాడు. మేలిమి పనితనం, నా మొహం!

ఇంటికి నడుస్తుంటే అప్పుడు భయం వచ్చింది. నేను చేయనని పెద్దనాయనతో అన్నాను. ఆయన నడక ఆపలేదు. “పాపా, బడి ఆయన స్థలంలో ఉండాది. నీ జీతం, నా జీతం, ఈడ ముప్పై ఇండ్ల మనోళ్ల బతుకు ఆ అరుగు మీద ఉండాది. నోరు మూసుకొని మడిచి ఇయ్యి,” అన్నాడు. ప్రతి ఆదివారం చర్చిలో సత్యం గురించి అరగంట చెప్పే మనిషి ఆయన. చచ్చిపోయాడు, అయినా నేను క్షమించలేదు.

ఆ సాయంత్రం అవ్వ నా గదికి వచ్చి గడప దగ్గర కూర్చుంది. కాగితం ఇచ్చేది నేనేనని ఆమెకు తెలిసిపోయింది.

“మేం ఎవురికి ఏసినామో ఎవురికన్నా తెలుస్తాదా టీచరమ్మా? మాకు అదే దిగులు.”

“ఎవరికీ తెలియదు అవ్వా, నాదీ పూచీ,” అన్నాను.

ఆ మాట ఇచ్చేటప్పటికే నా బుర్రలో ఉపాయం తయారైంది. గొర్రెలోళ్లకే కాకుండా ఊరందరి కాగితాలకూ వాలు మడత వేసేస్తే? అందరికీ ఉంటే అది ఎవరి గుర్తూ కాదు. ఆయన చెప్పిన పని చేసినట్టూ ఉంటుంది, చేయనట్టూ ఉంటుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇరవై మూడేళ్ళ వయసులో తనకంటే తెలివైనవాడు లోకంలో లేడనిపిస్తుంది, అది ఎంత ప్రమాదమో చెప్పేవాళ్ళు పక్కన ఉండరు.

ఓట్ల రోజు పొద్దుటినుంచీ మడుస్తూనే ఉన్నాను. ప్రిసైడింగు ఆఫీసరు వేరే తాలూకా నుంచి వచ్చిన ముసలాయన, ఆ ఊరి గాలి పీల్చడానికే భయపడుతూ సంతకాల మీద తల ఎత్తలేదు. నిలువుగా, అడ్డంగా, గోటితో వాలుగా. పై వీధికీ, కింది వీధికీ, నాయకుడి పెండ్లానికీ, నాయకుడికి కూడా. ఆయన కాగితం మడిచేటప్పుడు లోపల నవ్వుకున్నాను. అవ్వ వచ్చింది, పెద్దకొడుకు వచ్చాడు, మిల్లుకు సెలవు పెట్టి చిన్నకొడుకూ వచ్చాడు. సాయంత్రానికి బొటనవేలి గోరు నొప్పి పుట్టింది.

లెక్కింపు మండలం ఆఫీసు దగ్గర, పెట్టెకు పెట్టె విడిగా. నాయకుడి మనిషే గెలిచాడు, బాగానే గెలిచాడు. మా ఊరి పెట్టెలో ఎదురు పార్టీకి నలభై చిల్లర ఓట్లు పడ్డాయి. ఆయన ఏజెంట్లు బల్లలకు అడ్డం కట్టిన ఇనుప జల్లెడ అవతల నిలబడి ఆ నలభై కాగితాల కట్టను కళ్ళు చించుకొని చూశారు. ప్రతి కాగితానికీ వాలు మడత! ఇంకేముంది, గొర్రెలోళ్లు నలభై మంది మోసం చేశారని తీర్మానం అయిపోయింది. తమ వైపు కట్ట కూడా ఒకసారి చూసి ఉంటే దాని నిండా అవే మడతలని తెలిసేది. చూడలేదు. గెలిచిన కట్టను ఎవరు అనుమానిస్తారు? పగ పెట్టుకున్నవాడి కన్ను ఎటు వెతుకుతుందో నాకు తెలియాల్సింది, ఆ సీమలోనే పుట్టినదాన్ని గదా, తెలియలేదు.

మూడో రోజు పొద్దున గొర్రెలోళ్ల వీధిలోకి నాయకుడి మనుషులు వచ్చారు. చెప్పినదల్లా ఒకటే, మీలో నలభై మంది ఎవరో మాకు తెలుసు, మిమ్మల్ని ఎగదోసినవాడు ఎవడో మీరే తేల్చండి, తేల్చేదాకా జీవాలు కాలవ దగ్గరకు రాకూడదు, గుట్ట మీద మేయకూడదు. ఎండాకాలం, నాలుగు వందల జీవాలు. నేను గదిలోంచి అన్నీ వింటున్నాను.

మధ్యాహ్నం అవ్వ వచ్చి నా గడపలో నిలబడింది, ఈసారి కూర్చోలేదు.

“మేం ఆయనకే ఏసినాం తల్లీ. భయపడి అందరం కూడబలుక్కొని, ఇంటింటా ప్రమాణం చేసుకొని ఆయనకే ఏసినాం. నువ్వు ఎవురికీ తెలీదంటివి. మరి ఆ నలభై మా వీధివేనని వాళ్లకెట్ట తెలిసింది? ఎవురో ప్రమాణం తప్పినారు. ఎవురంటావు?”

విన్నారా? ఆ వీధివాళ్ళు ఒక్కరు కూడా తప్పలేదు. ఆ నలభై ఓట్లు ఎవరివో నాకు చాలా ఏళ్ళకు, నాయకుడి దాయాదులే ఎదురు పార్టీ కండువాలు కప్పుకొని ఊరేగినప్పుడు అర్థమైంది. ఆయన గోడకు గోడ ఆనుకొని ఉన్న ఇళ్ళవి. కానీ ఆ మధ్యాహ్నం కూడా ఆ నలభైకి గొర్రెలోళ్లతో సంబంధం ఉండనక్కరలేదని తెలిసిన మనిషిని లోకంలో నేను ఒక్కదాన్నే. అవ్వా, ఊరందరి కాగితాలకూ ఆ మడత నేనే వేశాను అంటే చాలు. అది వీధిలో ఎవరి చెవిన పడినా సాయంత్రానికి నాయకుడికి చేరుతుంది, నేనూ పెద్దనాయనా ఏమవుతామో తెలుసు. నాకేమీ తెలియదు అవ్వా అన్నాను. ఆమె ఇంకా నిలబడే ఉంది, నేనేదో ఆలోచిస్తున్నానని అనుకుందేమో. తరువాత మెల్లగా వెళ్ళిపోయింది.

వీధి పెద్దలు రెండు రోజులు కూర్చొని తేల్చారు. ప్రొద్దుటూరు గాలి తగిలినవాడు, నోరు ఎక్కువైనవాడు, నాయకుడి మనుషులతో ఒకసారి బస్సు దగ్గర గొడవపడినవాడు, ఇంకెవడు? అవ్వ చిన్నకొడుకు. అతను అమ్మ కాళ్ళు పట్టుకొని నేను ఆయనకే వేసినాను అని ఏడ్చాడు. అవ్వ వీధి మొత్తం వినేటట్టు, నా ఇంట్లో అడుగు పెట్టొద్దు, నీ చేతి నీళ్ళు నాకొద్దు అంది. నాలుగు వందల జీవాలు ఒక వైపు, కన్నకొడుకు ఒక వైపు. ఆమె ఏం చేస్తుంది? అతను సంచి భుజాన వేసుకొని నా గది ముందు నుంచే పోయాడు. ఆ రోజే జీవాలను కాలవకు వదిలారు.

పదిహేను రోజుల్లో నేను బదిలీ చేయించుకొని ఆ ఊరు విడిచాను. తరువాత ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు కాగితం మడవడం నేర్పాను, బహుమతులు తెచ్చుకున్నాను, గండికోట మాత్రం మళ్ళీ చేయలేదు. నడుమ ఒకసారి పులివెందుల బస్టాండులో అవ్వ పెద్దకోడలు కనిపించింది. అవ్వ పోయిందనీ, తన మరిది చక్రాయపేట దగ్గర ఎవరివో జీవాలు మేపుకొంటూ ఒంటిగా ఉన్నాడనీ, అన్నదమ్ములకు మాటల్లేవనీ చెప్పి, నువ్వుండిన గది మా యత్త ఎవురికీ ఇయ్యలేదు టీచరమ్మా అంది. అప్పుడైనా చెప్పానా? బస్సు వచ్చింది, ఎక్కేశాను. అప్పటికి నాయకుడు కూడా చచ్చి చాలా ఏళ్ళైంది, ఇంక ఎవరికి భయపడ్డానో నాకే తెలియదు.

కాలేజీ నుంచి వచ్చిన నాలుగో రోజు వేంపల్లె మీదుగా చక్రాయపేటకు పోయాను. అడుగుతూ అడుగుతూ వెళితే ఊరి బయట ముళ్ళకంచె దొడ్డి, రేకుల కొట్టం. అరవై దాటిన మనిషి, నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. నిలబడే అంతా చెప్పేశాను, మడత సంగతి, అందరికీ వేసిన సంగతి, గడపలో అవ్వకు చెప్పిన అబద్ధం. తిట్టమన్నాను.

“మా యమ్మకు చెప్పింటే సాలు గదా టీచరమ్మా,” అన్నాడు. “సచ్చిపోయేటప్పుడు పోతి. నోట్లో నీళ్లు పోద్దామని చెంబెత్తితే మొగం పక్కకు తిప్పుకుండె.”

కొట్టంలోకి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి నాకు ఇచ్చాడు, ఎండన పడి వచ్చినావు తాగు అన్నాడు. అవ్వ వద్దన్న చేతి నీళ్ళు నేను తాగాను.

ఇప్పుడు ఆ ఊరు లేదు, గండికోట రిజర్వాయరు నీళ్ళ కింద ఉంది. బడీ లేదు, అరుగూ లేదు, కాలవా లేదు. ఓటుకు మీట నొక్కితే కూత వస్తుంది, మడిచేవాళ్ళతో పని లేదు, పిల్లలు సెల్ఫీ తీసుకుంటూ నవ్వుకుంటూ బయటికి వస్తారు. చూస్తే నాకు సంతోషమే, ఆ వెంటనే కోపం కూడా వస్తుంది. ఆ నాయకుడి మీదా, పెద్దనాయన మీదా కోపం కొంచెం కొంచెంగా అరిగిపోతూ వచ్చింది, మనుషులు పోయాక ఎంతకాలమని ఉంటుంది. నా మీద కోపమే అరగడం లేదు. కాలం మంచిది కాదనీ, ఆ రోజులు అట్లాంటివనీ నా తోటివాళ్ళు ఓదారుస్తారు. రోజులు అట్లాంటివే. కానీ ఆ మధ్యాహ్నం అవ్వ నా గడపలో నిలబడి ఉన్నంతసేపూ నాకు సమయం ఉండింది.